ముంగిసకి కట్టు కట్టేశారు!

ఎడిటర్ గారికి,

పిల్లల కథల్లో చావులు, క్రూరత్వం ఉండకూడదు, పసిమనసులు బెదిరిపోతాయి అని మొన్న మీ పేపర్లో ఒకరు రాసిన ఉత్తరం చూశాక నాకూ ఓ మాట చెప్పాలనిపించింది.

మా ఆరేళ్ల మనవడికి బొమ్మల పంచతంత్రం కొన్నాం. అందులో ముంగిస కథ ఉంది. నీళ్లకెళ్లిన తల్లి తిరిగొచ్చేసరికి మూతినిండా రక్తంతో ముంగిస ఎదురొస్తుంది, బిడ్డని చంపేసిందనుకుని చేతిలో కడవ దాని మీద పడేస్తుంది, తీరా లోపలికెళ్తే పిల్లాడు క్షేమంగానే ఉంటాడు, పక్కన పాము ముక్కలై పడుంటుంది. మా అమ్మ చెప్పినప్పుడు కథ అక్కడితో అయిపోయేది, ఆ తరవాత కాసేపు ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. ఈ పుస్తకంలో రక్తం పోయి 'ఎర్రటి మరకలు' వచ్చాయి. ముంగిసకి డాక్టరు కట్టు కడతాడు, చివరి పేజీలో కట్టు విప్పేసి అందరూ పాయసం తింటారు!

పాయసం సంగతి సరే. పుస్తకం మూయగానే మావాడు, "అమ్మమ్మా, తాతయ్యకి ఇంకా కట్టు విప్పలేదా?" అన్నాడు. మా ఆయన పోయి నాలుగు నెలలు. వాడికి మాత్రం ఆసుపత్రిలోనే ఉన్నారని చెబుతూ వచ్చాం.

పెద్దవాళ్ల ఈ సర్దుబాట్లు కొత్తేమీ కాదు లెండి. జర్మనీలో జానపద కథలు పోగేసిన గ్రిమ్ సోదరుల 1812 నాటి పుస్తకంలో, తిండిలేక హాన్సెల్, గ్రెటెల్ అనే అన్నాచెల్లెళ్లని అడవిలో వదిలేద్దామన్నది కన్నతల్లే. 1840 ముద్రణకొచ్చేసరికి ఆవిడ సవతి తల్లయింది, ఆ పిల్లల్ని తినబోయిన మంత్రగత్తెని గ్రెటెల్ పొయ్యిలోకి తొయ్యడం మాత్రం అలాగే ఉంది. మన ఇళ్లలో అయితే సీరియల్లో కోడలు పాలల్లో విషం కలుపుతుంటే అది చూపిస్తూనే పిల్లలకి అన్నం పెడతాం, అప్పుడు పసిమనసు గుర్తుకు రాదు.

అలాగని ప్రతి ఘోరాన్నీ పిల్లల ముందు పెట్టమనను. ఊరికే జడిపించడానికి రాసే కథలు నాకూ వద్దు.

ఆ రాత్రి అసలు కథ చెప్పాను, తాతయ్య సంగతీ చెప్పాను. చాలాసేపు ఏడ్చాడు. మా అమ్మాయి నాతో రెండ్రోజులు సరిగా మాట్లాడలేదు. మూడోరోజు వాడే వచ్చి, పుస్తకంలోది వద్దు, నువ్వు చెప్పిందే చెప్పు అన్నాడు. కడవ దగ్గరికొచ్చేసరికి నా కొంగు పట్టుకుని "ఆగు, ఆవిడ ముందు లోపలికెళ్లి చూడచ్చు కదా!" అన్నాడు.

చూడలేదు నాన్నా, అన్నాను.

- ఒక అమ్మమ్మ, తెనాలి