ఆరు నిమిషాలు ఆలస్యం

తెనాలి

అమ్మలూ,

మనిద్దరం మాట్లాడుకోక ఇవాళ్టికి 19 రోజులు. క్యాలెండర్ మీద గీతలు పెట్టాను. నువ్వూ ఎక్కడో లెక్క పెట్టుకునే ఉంటావు. నా మాట నీకూ, నీ మాట నాకూ మోసి మోసి మీ నాన్నకి విసుగొచ్చింది. "మీరూ మీరూ ఉత్తరాలు రాసుకోండి, నా వల్ల కాదు" అని పొద్దున చేతులెత్తేశారు. సరే, రాస్తున్నాను.

ఆ అబ్బాయి గురించి నాకే పేచీ లేదు. వాళ్ళది నాగపూర్ అయితే ఏం, మన గోంగూర పచ్చడి మూడోసారి వేయించుకుని తిన్నాడు. నాకు బాధ వేసిందల్లా నువ్వు "ముహూర్తం లేదు, పంతులుగారు లేరు, రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టి వచ్చేస్తాం" అన్నప్పుడు. కనీసం మంచిరోజు చూద్దామే అంటే, "మంచిరోజు అనడానికి ఆధారం ఏంటమ్మా?" అన్నావు.

ఆ మాటకి ఫోన్ పెట్టేశాను. నువ్వేదో ఎదురు మాట్లాడావని నాకు కోపం వచ్చిందనుకుంటున్నావేమో. ఆధారం అనే మాటకి ముందు చిన్న విరామం ఇచ్చి, ధా దగ్గర ఒత్తి పలికావు. అచ్చం మీ తాతయ్య. ఆయన పోయేటప్పటికి నీకు పదహారేళ్లు. సెలవులకి వచ్చినప్పుడు ఆయన పడక్కుర్చీ పక్కన కూర్చుని ఎంత విన్నావో నాకు తెలీదు కానీ, విన్నదంతా పట్టుకుపోయావు.

తాతయ్య పేపర్ చదివే తీరు గుర్తుందా? చేతిలో ఎర్ర పెన్సిల్. ఫలానా బాబా నీళ్లని నూనె చేశాడనో, ఫలానా ఊళ్ళో వేపచెట్టు పాలు కార్చిందనో వార్త వస్తే దాని కింద గీత గీసి, అంచున "ఆధారం?" అని రాసేవాడు. ఆ పేపర్ ఎవరికీ పంపేది లేదు, ఎవరూ చూసేది లేదు. సాయంత్రానికి దాంట్లో బజ్జీలు పెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు మన కుటుంబం వాట్సాప్ గ్రూపులో మీ పెదనాన్న పసుపు నీళ్ళ గురించి ఏది పంపినా, రెండు నిమిషాల్లో నీ దగ్గర్నుంచి ఒకటే జవాబు: "సోర్స్?" పెన్సిల్ ఒకటే తక్కువ.

ఆయనకి ఆ గాలి ఈ ఊళ్ళోనే తగిలింది. హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి గారు సంస్కృతం అక్కర్లేకుండా తెలుగులోనే పెళ్లి మంత్రాలు రాసి, దగ్గరుండి పెళ్లిళ్లు చేయించింది ఇక్కడే. ఆయన 1943లో పోయారు. అప్పటికి తాతయ్య చిన్నపిల్లాడు. కానీ ఆ ధోరణి ఈ చుట్టుపక్కల ఊళ్ళలో చాలాకాలం నిలిచింది. 1958లో తాతయ్య, అమ్మమ్మల పెళ్లి తెలుగులోనే జరిగింది. ప్రమాణాలు అందరికీ అర్థమయ్యాయని, అత్తగారి తరఫు వాళ్ళు మధ్యలో లేచి సందేహాలు కూడా అడిగారని తాతయ్య గొప్పగా చెప్పేవాడు.

అలాంటి మనిషి కూతురిని నేను. 1986లో నా పెళ్లికి, నాకు పంతులుగారు కావాలి, ముహూర్తం కావాలి, కన్యాదానం కావాలి, జీలకర్ర బెల్లం కావాలి అని కూర్చున్నాను. అప్పటికే కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. "డార్విన్‌ని చెప్పుకునే పిల్లవి, నీకిదేం బుద్ధే?" అన్నాడు తాతయ్య. "డార్విన్ జీతం కోసం, ఇది నా కోసం" అన్నాను. పదకొండు రోజులు మాట్లాడలేదు మేమిద్దరం. (నువ్వు ఆ రికార్డు ఎప్పుడో దాటేశావు.)

పెళ్లికి వచ్చాడు. పీటల మీద మాత్రం కూర్చోలేదు. "ఇవ్వడానికీ పుచ్చుకోడానికీ నా కూతురు వస్తువా?" అని, మండపం పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. బాబాయి, పిన్ని కాళ్ళు కడిగారు. ముహూర్తం తెల్లవారుజామున 2 గంటల 17 నిమిషాలకి. పంతులుగారు నిద్రమత్తులో మంత్రాలు లాగుతున్నారు. జీలకర్ర బెల్లం పెట్టేసరికి తాతయ్య చేతి గడియారం పైకెత్తి, అందరికీ వినిపించేలా అన్నాడు: "2 గంటల 23 నిమిషాలు. ఆరు నిమిషాలు ఆలస్యం. మీ లెక్క ప్రకారమే ఈ పెళ్లి చెల్లదు."

మండపమంతా గొల్లున నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెబుతున్నాను. పంతులుగారి భుజం మీదుగా గోడ గడియారం కనిపిస్తూనే ఉంది. ఎవరితోనూ అనలేదు గానీ, తలొంచుకుని ఒక్కో నిమిషం నేనూ లెక్కపెడుతూనే ఉన్నాను.

ఇప్పటికీ ఆ జబ్బు పోలేదు. ఇంట్లో రెండు పంచాంగాలు ఎందుకమ్మా అని నవ్వుతావు కదా. ఒకటి పూర్వ సిద్ధాంతం, అంటే పాత గ్రంథాల సూత్రాల ప్రకారం వేసింది, ఒకటి దృక్ గణితం, అంటే ఆకాశంలో కనిపించేదాని ప్రకారం. తిథులు కొన్ని గంటలు అటూ ఇటూ అవుతాయి, అందుకే ఒక్కో పండగ రెండు రోజుల్లో వస్తుంది. మొన్న గుళ్ళో పంతులుగారితో, "ఆకాశంలో చంద్రుడు నిజంగా ఎక్కడున్నాడో దాన్నిబట్టి వేసిన లెక్కే నేను నమ్ముతాను, ఇంకోదానికి ఆధారం చెప్పండి" అని వాదించాను. పాపం ఆయన, "అమ్మా, మీరు హారతి తీసుకోండి ముందు" అన్నారు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే నాకే నవ్వొచ్చింది. నాన్నతో పోట్లాడి గుడికి వెళ్ళిన దాన్ని, గుళ్ళోకి నాన్ననే వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఇంకోటి గుర్తుందా, నీకు ఎనిమిదేళ్లప్పుడు కాలేజీ ల్యాబ్ నుంచి చిన్న కాగితం ముక్కలు తెచ్చి అందరి నాలుకల మీదా పెట్టాను. పి.టి.సి. అనే పదార్థంలో ముంచిన కాగితాలు. 1931లో అమెరికాలో ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ పొడి గాలిలోకి లేపితే పక్కనున్నాయన చేదు చేదు అన్నాడట, ఈయనకేమీ తెలియలేదట. అలా బయటపడింది. కొంతమందికి అది విషంలా చేదు, కొంతమందికి వట్టి కాగితం. ఆ తేడాకి ప్రధాన కారణమైన జన్యువు ఏదో 2003లో తేలింది. క్లాసులో మేము చెప్పినంత సూటిగా నడవదు గానీ, చాలావరకు చేదు తెలియడం బహిర్గతం, అంటే ఒక్కరి నుంచి వచ్చినా చాలు; తెలియకపోవడం అంతర్గతం, అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది.

నేను నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాను. అమ్మమ్మా ఉమ్మేసింది. తాతయ్య నమిలి, "ఏముందిందులో, కాగితం" అన్నాడు. నువ్వు ఆయన్ని చూసి ఇంకోటి అడిగి మరీ నమిలావు, "ఏమీ లేదు" అన్నావు. నిన్ను నిలదీశాను, తాతయ్య కోసం అబద్ధం చెబుతున్నావని. మర్నాడు ఇంకో ముక్క పెట్టి చూశాను. నిజంగానే నీకు తెలియదు. అంటే ఆయన దగ్గర్నుంచి వచ్చింది నా లోపల చప్పుడు చేయకుండా కూర్చుని, నీ దగ్గర బయటపడిందన్నమాట.

ఇదంతా రాసి, అభిప్రాయాలు కూడా ఇలాగే వస్తాయి అనబోయి పెన్ను ఆపాను. అలా అంటే ముందు మా విద్యార్థులే నవ్వుతారు. కాకరకాయ చేదు కూడా ఈ జన్యువు కిందికి రాదు, ఇక ముహూర్తాలకి జన్యువేమిటి! ఆ మాటకొస్తే రుచుల్లో సగానికి సగం చూసి నేర్చుకున్నవే. కొన్ని చూడకముందే. గర్భిణులు చివరి నెలల్లో క్యారెట్ రసం తాగితే, పుట్టిన పిల్లలు క్యారెట్ రుచి ఉన్న గంజిని అంతగా మొహం చిట్లించకుండా తిన్నారని 2001లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. అది చదివినప్పుడు నాకు వెన్న కాచిన గిన్నె గుర్తొచ్చింది.

నెయ్యి వంచేశాక అడుగున ఎర్రటి మడ్డి మిగులుతుంది చూడు. గిన్నె ఇంకా వేడిగా ఉండగానే అందులో గుప్పెడు అన్నం, చిటికెడు ఉప్పు వేసి, గరిటె తిరగేసి గోకి గోకి కలిపితే అన్నం గోధుమరంగుకి వస్తుంది. సమసమాజం గురించి గంటలు మాట్లాడే తాతయ్య ఆ గిన్నె విషయంలో మాత్రం ఎవరికీ వాటా ఇచ్చేవాడు కాదు. దొడ్లో నిలబడి తినేసేవాడు. నేను కనిపెట్టి వెనకాలే వెళ్ళేదాన్ని. పెళ్ళయ్యాక నా గిన్నె నాది. నిన్ను కడుపులో మోస్తున్నప్పుడు వారానికోసారి కాచేదాన్ని. కిందటి సంక్రాంతికి నువ్వొచ్చినప్పుడు రాత్రి పదకొండింటికి వంటింట్లో టక్ టక్ మని చప్పుడైతే పిల్లి అనుకుని వెళ్ళాను. లైటు వేయకుండా, ఫోన్ వెలుగులో, గిన్నె పొట్టకి ఆనించుకుని గోకుతున్నావు. చూసి వెనక్కి వచ్చేశాను. నీ వాటా నీది.

ఇక అసలు చెప్పాల్సింది. తాతయ్య మీద తిరగబడి గుడిబాట పట్టాననీ, అది నా సొంత నిర్ణయమనీ ఇన్నేళ్లూ అనుకున్నాను. కొంచెం గర్వం కూడా ఉండేది. అమ్మమ్మ పోయాక ఇల్లు సర్దుతుంటే, బియ్యం డబ్బా వెనక గోడ గూట్లో అరచేయంత లక్ష్మీదేవి పటం దొరికింది. అద్దం మీద పొరలు పొరలుగా కుంకుమ. కింది పొర నల్లబడి పెచ్చుకట్టింది. ఎన్నేళ్లదో. ఆ ఇంట్లో ఒక్కసారైనా ఆవిడ చేతులు జోడించడం నేను చూడలేదు, తాతయ్య చూడలేదు. కానీ చిన్నప్పుడు బియ్యం కొలుస్తుంటే ఆవిడ నడుం పట్టుకుని నిలబడేదాన్ని. డబ్బా మూత తీసి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు సోల ముంచేది. ఆ క్షణం ఎందుకో అప్పుడు అడగలేదు.

ఒకసారి మాత్రం, ఆవిడ ఆఖరి ఏడాదిలో, నీ తెలుగు పెళ్లి ఎలా జరిగిందమ్మా అని అడిగాను. "బాగానే జరిగింది. మీ నాన్నని అందరూ మెచ్చుకున్నారు" అని, కాసేపాగి, "నన్నెవరూ అడగలేదు" అంది. అంతే. మళ్ళీ చిక్కుళ్ళు వలుచుకుంది.

ఆ మాట గుర్తొచ్చాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. తాతయ్య పద్ధతిలో పెళ్లయింది అమ్మమ్మకి, ఆవిడని అడగకుండా. ఇప్పుడు అమ్మమ్మ పద్ధతిలో నీ పెళ్లి చేయాలని నేను కూర్చున్నాను, నిన్ను అడగకుండా. నిజానికి నువ్వు చెప్పావు కూడా, నేనే ఫోన్ పెట్టేశాను.

స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలటగా. మీ నాన్న ఫోన్లో నువ్వు పంపిన తేదీ చూశాను. రెండు పంచాంగాల్లోనూ చూశాను. ఒకదాని ప్రకారం దివ్యంగా ఉంది, ఇంకోదాని ప్రకారం వద్దు. ఏది ఏదో అడగకు, చెప్పను. రిజిస్ట్రార్ గారు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా పిలిచినా నోరెత్తనని మీ నాన్నకి మాటిచ్చాను. గడియారం మాత్రం పెట్టుకొస్తాను.

సాక్షులు ముగ్గురు కావాలన్నారట. ఒకరు ఆ అబ్బాయి తరఫు, ఒకరు నీ స్నేహితురాలు అని విన్నాను. మూడో పేరు ఇంకా రాయకపోతే నాది రాయి. ఈ కవర్లోనే నా ఆధార్ జిరాక్స్ పెట్టాను.

వెన్న పది రోజుల నుంచి ఫ్రిజ్‌లో దాస్తున్నాను. నువ్వొచ్చాక కాస్తాను.

అమ్మ