డయాలసిస్ మంచం పక్కన ఒక స్టూలు వెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

మా ఆయన ఇరవై రెండేళ్లు లారీ తోలారు. తాడిపత్రి నాపరాళ్లు ఎత్తుకుని బెంగళూరు, చెన్నై తిరిగిన మనిషి. షుగరు కిడ్నీలను తినేసింది. మూడేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎన్టీఆర్ వైద్యసేవలో చేస్తున్నారు, భరోసా పింఛను నెలకు 10,000 రూపాయలు వస్తోంది. అది లేకపోతే ఏమయ్యేవాళ్లమో! అయితే నేను అడగబోయేది డబ్బు సంగతి కాదు, డయాలసిస్ చేసేచోట రోగులతో కూర్చుని మాట్లాడే ఒక కౌన్సెలర్‌ను.

రోజుకు లీటరుకు మించి నీళ్లు తాగకూడదన్నారు డాక్టరు. మజ్జిగ, చారు, కాఫీ కూడా ఆ లీటరులోనే. అనంతపురంలో మే నెల ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు. కొలిచి ఇచ్చేది నేను, కాబట్టి ఇంట్లో శత్రువునూ నేనే. ఒకరోజు చెంబు విసిరికొట్టారు. ఎవరైనా చూడ్డానికొచ్చి "ఇప్పుడేం చేస్తున్నావన్నా?" అంటే లేచి లోపలికి పోయేవారు. స్టీరింగు పోయినాక తానెవరో ఆయనకే తెలియలేదని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

పోయినేడు బెంగళూరులో చూపించుకోవడానికి వెళ్తే, డాక్టరు అయ్యాక ఒక సైకాలజిస్టు, తెలుగమ్మాయే, మమ్మల్ని అరగంట కూర్చోబెట్టుకుంది. అందరిలా "ధైర్యంగా ఉండండి" అనలేదు. ఏ రోడ్డు మీద బండి తోలడం ఇష్టమని ఆయనను అడిగింది. మొగిలి ఘాటు గురించి ఆయన చెబుతూనే ఉన్నారు. నాతో మాత్రం ఒక్కమాట అంది: "అమ్మా, నీళ్ల లెక్క ఆయనకే ఇచ్చేయండి. మీరు కాపలా మానండి." అప్పటి నుంచి పొద్దున్నే రెండు అరలీటరు సీసాలు నింపుకుని ఆయనే చూసుకుంటున్నారు. గొడవ పూర్తిగా పోలేదు గానీ చెంబు ఎగరడం లేదు. ఒక డయాలసిస్‌కూ ఇంకో డయాలసిస్‌కూ మధ్య పెరిగే బరువు కూడా తగ్గింది. ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తిన ఇళ్లవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది.

ఆ అరగంట కోసం బెంగళూరు పోవాలా?

మానసిక వైద్యం పల్లెల దాకా తేవచ్చని 1980ల్లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసి చూపించింది మన పక్కనున్న బళ్లారి జిల్లాలోనే. గుంతకల్లులో రైలెక్కితే దిగే ఊరు. దాన్ని చూసే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు అంది. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం వాళ్లు ఉచితంగా మాట్లాడతారు, మంచిదే. కానీ మా ఆయన లాంటివాళ్లకు ఫోను చేతికిస్తే "నేనేమన్నా పిచ్చోడినా?" అంటారు.

అందుకే డయాలసిస్ యూనిట్లోనే కౌన్సెలర్ ఉండాలంటున్నాను. మిషను నాలుగు గంటలు నడుస్తుంది. అంతసేపూ మనిషి ఫ్యాను వైపు చూస్తూ పడుకోవాల్సిందే. ఆ కౌన్సెలర్ వరసగా ప్రతి మంచం దగ్గరికీ వస్తే, ఫలానా వాడికి పిచ్చి అని వేలు చూపించే పనే ఉండదు. బయట కూర్చున్న భార్యలతో, తల్లులతో కూడా మాట్లాడొచ్చు. హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీల్లో, మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో ఆ రోగుల కోసం కౌన్సెలర్లను ఎప్పుడో పెట్టారు కదా. కిడ్నీ పోయినవాళ్లకు, షుగరుతో కాలు తీసేయించుకున్నవాళ్లకు ఎందుకు పెట్టరు? నాలుగు రోజుల కోర్సు చేసి బోర్డు తగిలించుకున్నవాళ్లు మాత్రం వద్దు. చదివి, శిక్షణ పొందినవాళ్లే కావాలి.

జిల్లా వైద్యాధికారులు దీన్ని ఒక్క యూనిట్లో మొదలుపెట్టి చూడాలని మనవి. ముందు వారానికి రెండు రోజులైనా సరే, పొద్దున షిఫ్టుకు ఒకసారి, మధ్యాహ్నం షిఫ్టుకు ఒకసారి.

– ఒక పాఠకురాలు, అనంతపురం