కర్ర చప్పుడు ఆగనివ్వని మీ అందరికీ

అందరికీ నమస్కారం. నేను మంచాన ఉన్నప్పుడు మా కూచిపూడి క్లాసును నిలబెట్టిన మీకు ఈ కృతజ్ఞతలు ఎప్పుడో రాయాల్సింది. ముందు కాలు కింద గట్టిగా ఆననీ, తర్వాత రాద్దాం అనుకుంటూ వచ్చాను. నిన్న సాయంత్రం హన్మకొండలో మా క్లాసు మెట్లు పదహారూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాను. అందుకే ఈ రోజు రాస్తున్నాను.

తెలియనివాళ్లకు చెప్తాను. జనవరిలో నా కుడి మోకాలికి మార్పిడి ఆపరేషన్ అయింది. నాకు 54 ఏళ్లు. 1991లో నయీంనగర్‌లో ఒక అద్దె గదిలో ఆరుగురు పిల్లలకు కూచిపూడి చెప్పడం మొదలుపెట్టాను. ఫీజు నెలకు 30 రూపాయలు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం మూడు బ్యాచులు. ఆడేవాళ్ల కన్నా నేర్పేవాళ్ల కాళ్లే ముందు అరుగుతాయని డాక్టర్‌గారు అన్నప్పుడు నాకు వింతగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే నిజమే. పిల్లలు ఒళ్లు వేడెక్కేలా వ్యాయామం చేసి, గంట ఆడి ఇంటికి పోతారు. నేనేమో కూర్చుని తాళానికి కర్ర కొడుతుంటాను. ఎవరికైనా అడుగు తప్పగానే చల్లబడ్డ ఒంటితో ఒక్కసారిగా లేచి, అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి, నిలబడి ఆ అడుగు వేసి చూపిస్తాను. సాయంత్రానికి ఇరవై సార్లైనా ఇదే పని. అదీ షాబాద్ బండల మీద.

రెండేళ్లు నొప్పి దాచుకున్నాను. పోయిన బతుకమ్మకు వేయిస్తంభాల గుడి దగ్గర రెండు చుట్లు తిరగలేక గట్టు మీద కూర్చుంటే, నా పాత విద్యార్థిని తల్లి చూసి పక్కన కూర్చుంది. "ఎన్ని రోజులు దాస్తరు మేడం?" అంది. ఆమెకే మొదట చెప్పాను.

నా టెన్షన్ ఆపరేషన్ గురించి కాదు. క్లాసు గురించి. నాట్యం క్లాసు రెండు నెలలు మూతపడితే పిల్లలు ట్యూషన్లలో చేరిపోతారు, మళ్లీ రారు. అలా తాళం పడ్డ క్లాసులు ఈ ఊళ్లోనే కొన్ని చూశాను. పైగా మే నెలలో ఒక అమ్మాయి అరంగేట్రానికి మాట ఇచ్చి ఉన్నాను. ఎనిమిదేళ్లు నేర్చుకున్న పిల్ల.

నాలుగు నెలలు క్లాసు ఒక్క రోజు కూడా ఆగలేదు. నా దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న ఇద్దరమ్మాయిలు బ్యాచులు పంచుకున్నారు. ఒకామె కాజీపేటలో బ్యాంకు ఉద్యోగం ముగించుకుని నేరుగా వచ్చేది. ఇంకొకామె పది నెలల బాబును క్లాసులో ఒక మూల చాప మీద పడుకోబెట్టి పాఠం చెప్పింది. అడుగులకు చెప్పే జతులన్నీ బాబుకు జోలపాటలయ్యాయట. అమెరికాలో ఉన్న మరో అమ్మాయి ప్రతి ఆదివారం తన తెల్లవారుజామున లేచి వీడియో కాల్‌లో పిల్లలకు 28 అసంయుత హస్తాలకూ, అంటే ఒంటి చేతి ముద్రలకూ, వినియోగాలు (ఏ ముద్ర ఎక్కడ వాడాలో) వల్లె వేయించింది. మా ఇంటి ఓనర్‌గారు మూడు నెలలు అద్దె అడగలేదు. నేను ఫోన్ చేస్తే "ముందు నడువుండ్రి, తర్వాత సూద్దాం" అన్నారు.

ఇప్పుడు నేల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

1985 శివరాత్రికి నాకు పద్నాలుగేళ్లు. నాన్నతో పాలంపేట వెళ్లాను. రామప్ప గుడి దగ్గర నటరాజ రామకృష్ణగారు పేరిణి ఆడించారు. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనాని జాయప నృత్తరత్నావళి అనే గ్రంథంలో రాసిపెట్టిన నాట్యం అది. ఆ హోరుకు కాళ్ల కింద నేల అదిరినట్టనిపించింది. నాట్యమంటే నేల అదరాలని ఆ రోజే మనసులో పడిపోయింది. మా పిల్లలకూ అదే చెప్పాను, గట్టిగా తట్టమని, చప్పుడు మెట్ల కింద దాకా వినపడాలని. ఆ కాలి కింద ఏముందో ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆలోచించింది మా చిన్న బ్యాచులో ఒక పాప వాళ్ల నాన్న. ఆయన వడ్లపని, అంటే వడ్రంగం, చేస్తారు. ఆస్పత్రికి వచ్చి, చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, చివరికి అన్నారు: "మేడం, మీ కాలు మంచిగైతది. మా బిడ్డ మోకాళ్లు గిట్ల కావొద్దు గదా. నేల నేనేస్త." రెండు ఆదివారాల్లో వేశారు. బండలు తీయలేదు. వాటి మీద రబ్బరు ముక్కలు, వాటిపై కర్ర రీపర్లు, ఆపైన 18 ఎంఎం ప్లైవుడ్ రెండు వరసలు, ఒకదాని అతుకు మీద ఇంకొకదాని అతుకు రాకుండా. కింద రబ్బరూ ఖాళీ చోటూ ఉంటాయి కాబట్టి కాలు పడగానే చెక్క కొంచెం దిగి, దెబ్బను తను తీసుకుంటుంది. సామాను ఖర్చు మాత్రమే తీసుకున్నారు, కూలి ముట్టలేదు. మంచం మీద పడుకుని ఫోన్‌లో మొదటిసారి ఆ చప్పుడు విన్నాను. బండ మీది చురుకు లేదు, మద్దెల లాగా లోపలి నుంచి వచ్చింది. అన్నా, మీరు ఇది చదువుతారో లేదో. మీ బిడ్డ చేత చదివించుకోండి.

అరంగేట్రం మే నెలలో పబ్లిక్ గార్డెన్ దగ్గర నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణంలో జరిగింది. నట్టువాంగం, అంటే తాళాలు వాయిస్తూ జతులు చెప్పడం, మామూలుగా కింద కూర్చునే చేస్తారు, నేనేమో కింద కూర్చోలేను. తాళాలు ఇంకొకరికి ఇచ్చేద్దామనుకున్నాను. ఆ అమ్మాయి నానమ్మ ఇంట్లోని పాత కుర్చీ తెప్పించి, మీద పట్టు శాలువా పరిచి, "కుర్చీల కూసుంటె విద్య తక్కువైతదా బిడ్డా?" అంది. ఆ మాటకు ఏడ్చాను. మృదంగం ఆయనా పాట పాడే అమ్మా కూడా తమకూ కుర్చీలే కావాలన్నారు. నేనొక్కదాన్నే ఎత్తులో ఉంటే కళ్లు కలవవు, కళ్లు కలవకపోతే అందరం ఒక్కచోట ముగించే ముక్తాయింపు కలవదు. నా కోసం ముగ్గురం కుర్చీల్లోనే కూర్చున్నాం. తరంగంలో ఆ పిల్ల ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడగానే నా చేతులు వణికాయి. మృదంగం ఆయన నన్నే చూస్తూ లయ పట్టి ఉంచారు. మృదంగం గురువుగారూ, ఆ రెండు నిమిషాలు నన్ను మోసింది మీరే.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. పాత విద్యార్థులు అందరూ కలిసి 1,86,000 రూపాయలు పోగుచేశారు. ఎవరు ఎంత ఇచ్చారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆస్పత్రికి 1,50,000, మందులకూ ఫిజియోథెరపీకీ 24,500 అయ్యాయి. మిగిలిన 11,500తో, ఇన్నాళ్లూ అక్కల గజ్జెలు అడిగి కట్టుకుంటున్న మా ముగ్గురు పిల్లలకు సొంత గజ్జెలు చేయించాను. డబ్బు పోగుచేసినవాళ్లను అడిగే ఈ పని చేశాను.

ఈ గురువారం సాయంత్రం అయిదున్నరకు క్లాసులో వాళ్ల గజ్జెపూజ. మీరంతా రావాలి. చెప్పులు కింద మెట్ల దగ్గరే విడిచి, కాళ్లు తుడుచుకుని రండి. ఇసుక పడితే కొత్త చెక్క గీసుకుపోతుంది.