మదర్‌బోర్డు మార్చిన సర్వర్ నెట్‌వర్క్ బూట్ దగ్గరే తిరుగుతోంది: ఫిర్యాదు

సర్వీసు విభాగం ముఖ్య అధికారి గారికి,

నమస్కారం.

విషయం: వారంటీ కింద మదర్‌బోర్డు మార్చిన సర్వర్ డిస్కులను వదిలేసి నెట్‌వర్క్ నుంచి బూట్ కావాలని చూడటం, లోపం మాదేనని రాసి కాల్ మూసివేయడం.

అయ్యా,

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ల పని నేను చూస్తాను. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టారు, అవి ఏ ఛాంబర్లో ఉన్నాయి, వాటి మీద బ్యాంకు రుణం ఉందా అన్న లెక్కంతా మీ దగ్గర కొన్న సర్వర్‌లోనే ఉంది. మిర్చి ముమ్మరంగా వచ్చే మార్చి నెలలో అది ఆగిపోయింది. బోర్డు పోయిందని మీరే తేల్చి, కొత్తది పంపారు. అంతవరకు ఫిర్యాదు లేదు.

మీ ఇంజనీరు గారు కొత్త బోర్డు బిగించి ఆన్ చేయగానే తెర మీద పీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే పద్ధతి) సందేశాలు మొదలయ్యాయి. ఈ సర్వర్‌కు నాలుగు నెట్‌వర్క్ పోర్టులుంటే, మేము కేబుల్ పెట్టేది ఒక్కదానికే. మిగిలిన మూడూ వరుసగా ‘ఈ61, కేబుల్ చూసుకోండి’ అన్నాయి. ఖాళీ పోర్టు ఇంకేం చెబుతుంది? ఆయన ఆ మాటే పట్టుకుని కేబుల్ మార్చారు, తర్వాత స్విచ్ మార్చుకోమన్నారు, చివరికి ‘కస్టమర్ నెట్‌వర్క్ లోపం’ అని రాసి నన్ను సంతకం చేయమన్నారు. నేను చేయలేదు. అయినా కాల్ మూసేశారు.

కేబుల్ ఉన్న పోర్టు ఏమందో ఎవరూ చదవలేదు. అక్కడ వచ్చింది ‘ఈ53, బూట్ ఫైలు పేరు అందలేదు’ అని. అంటే మా రౌటర్ డీహెచ్‌సీపీ (యంత్రాలకు అడ్రస్‌లు పంచే ఏర్పాటు) ద్వారా ఐపీ అడ్రస్ ఇచ్చింది; ఏ ఫైలు దించుకోవాలో చెప్పేవారే లేరు. ఎందుకుంటారు? పదుల కొద్దీ యంత్రాలకు ఒకేసారి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే చోట ఆ బూట్ ఫైళ్లు అందించే టీఎఫ్‌టీపీ సర్వర్ పెట్టుకుంటారు. మాకున్నది ఇదొక్కటే. నెట్‌వర్క్ పనిచేస్తోందని చెబుతున్న సందేశాన్నే నెట్‌వర్క్ లోపానికి సాక్ష్యంగా రాసుకున్నారు. డిస్కులను జతచేసే రెయిడ్ మెనూలో రెండు డిస్కుల మిర్రర్ (ఒకే డేటా రెండిటిలోనూ ఉండే ఏర్పాటు) ‘ఆప్టిమల్’, అంటే బాగుంది, అని కనిపిస్తూనే ఉంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు సర్వర్ వెతుకుతోంది, దాని వెంట మీవాళ్లూ వెతికారు.

ఫోన్లో చెప్పింది ఇంకా ఘోరం. లాగ్ ఫైలు పంపితే అందులో సీరియల్ నంబరు లేదని తిప్పి పంపారు. కొత్త బోర్డులో ఆ నంబరు రాయాల్సింది దాన్ని బిగించినవారు కదా! తర్వాత డిస్కులు ఫార్మాట్ చేసి సిస్టమ్ మళ్లీ ఎక్కించమన్నారు. బ్యాకప్ ఉంది కదా సార్, అన్నారు. ఉంది. డిస్కులు పోతే వాడుకోవడానికి ఉంది. మీవాళ్లు చూడాల్సింది చూడనందుకు బాగున్న డిస్కులను మేము తుడిచేసుకోవడానికి కాదు.

అసలు సంగతి నేనే వెతికి పట్టుకున్నాను. మా సిస్టమ్ యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో ఎక్కించింది. బోర్డు సెట్టింగులుండే బయాస్‌లో ఆ పద్ధతి ఎంచుకుని, డిస్కును మొదటి స్థానంలో పెట్టి, సేవ్ చేసినా మళ్లీ అదే పీఎక్స్‌ఈ తెర. బయాస్‌లోకి వెళ్లి చూస్తే నా సెట్టింగులు చెక్కుచెదరలేదు. కాబట్టి మీవాళ్లు అనుమానించిన, బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ కారణం కాదు. బయాస్ మాటను కొట్టిపారేసేది ఇంకొకటి ఉంది. బోర్డు మీదుండే బీఎంసీ అనే నిర్వహణ చిప్‌ను, దానితో మాట్లాడే ఐపీఎంఐ టూల్‌తో అడిగి, ఎక్కడి నుంచి బూట్ కావాలో చెప్పే బూట్ పారామీటర్ 5 చదివాను. అందులో మూడు ముక్కలున్నాయి: లెగసీ బూట్ (పాత పద్ధతి), ఫోర్స్ పీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ నుంచే బూట్ కావాలి), ఇకపై ప్రతి బూట్‌కూ వర్తిస్తుంది. కరెంటు తీసి పెట్టినా ఆ ఆదేశం పోదు. ‘బూట్‌డెవ్ నన్’ అనే ఒక్క కమాండ్‌తో దాన్ని తీసేశాను. సర్వర్ నేరుగా డిస్కుల నుంచి లేచింది, ఆ తర్వాత మళ్లీ దారి తప్పలేదు.

ఆ ఆదేశం మేము పెట్టింది కాదు. బోర్డు మా దగ్గరికి వచ్చేసరికే అందులో ఉంది. పరీక్షల కోసం పెట్టి తీయడం మరిచారా, ఇంకొకరి దగ్గర వాడిన బోర్డును బాగుచేసి మాకు పంపారా? రెండోదే అయితే అది వేరే ఫిర్యాదు అవుతుంది. అందుకే రాతపూర్వకంగా జవాబు కావాలి.

మా కాల్ రికార్డులో ‘కస్టమర్ నెట్‌వర్క్ లోపం’ అన్న మాట కొట్టేసి అసలు కారణం రాయండి. ఆ మాట ఆధారంగా వేసిన విజిట్ ఛార్జీ వాపసు చేయండి. బోర్డులో సీరియల్ నంబరు రాయించండి. సర్వర్ ఆగిన కాలానికి వారంటీ పొడిగించండి. అన్నిటికన్నా ముఖ్యంగా, బోర్డు మార్చాక బూట్ పద్ధతి, బీఎంసీ ఆదేశం చూడకుండా ఏ కస్టమర్‌నూ డిస్కులు ఫార్మాట్ చేయమనవద్దని మీ కాల్ సెంటర్‌కు చెప్పండి. మా దగ్గర రైతులు చేతిరాత చీటీలతో సర్దుకున్నారు కాబట్టి సరిపోయింది. మాట విని ఫార్మాట్ చేసేవాళ్లూ ఉంటారు.

వార్షిక నిర్వహణ ఒప్పందం పొడిగింపు పత్రాలు మీ సేల్స్ విభాగం నుంచి వచ్చి నా బల్ల మీద ఉన్నాయి. పై పనులు పూర్తయ్యాక వాటి సంగతి చూస్తాం.

ఇట్లు,
కంప్యూటర్ విభాగం ఇన్‌ఛార్జి