ముందు మోటారును విడదీయి

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాలు కూడా ఈమధ్య కాస్త మాట వింటోంది. పైకప్పు ఊడదీసిన నీ బొమ్మ రైలు ఇంజను ఫొటో ఒకటి పంపి, మిగతాది రేపు చెబుతానన్నావు. ఆ రేపు ఇంకా రాలేదు. నువ్వు ఉద్యోగం మానేశావని అత్తయ్య ఎక్కడో విన్నదట. అత్తయ్య మాటలు తెలిసినవే కదా, నేను పట్టించుకోలేదు. ఈ ఉత్తరం డీకోడర్ గురించే, అదే, పట్టాల్లోంచి వచ్చే సంకేతాలు చదివి ఇంజను మోటారునూ దీపాలనూ నడిపే ఆ చిన్న సర్క్యూట్ గురించి.

ఫొటోలో డీకోడర్ గుచ్చే సాకెట్ కనబడలేదు. ఎనిమిది పిన్నుల సాకెట్ ఉంటే గుచ్చేసి ఊరుకునేదానివి. దీనికి ఒక్కో తీగా అతకాలి. ఎరుపు కుడి పట్టాది, నలుపు ఎడమ పట్టాది. నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనుక దీపానికి, నీలం రెంటికీ ఉమ్మడి. ఎల్‌ఈడీ పెడితే వరుసలో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి, మరిచిపోకు. అన్నం తినడం మరిచిపోయే పిల్లవు, అందుకే రాస్తున్నాను.

బాబాయి నల్ల ఇంజను కథ నీకు సగమే తెలుసు. డీకోడర్ పాడైందని మాత్రమే ఆయన చెబుతాడు. జరిగింది ఇది. పాత ఇంజన్లలో చాలావాటికి మోటారు బ్రష్ (మోటారులోకి కరెంటు అందించే ముక్క) ఒకటి ఛాసిస్‌కు, అంటే ఇంజను లోహపు చట్రానికి, తగిలి ఉంటుంది. ఆ ఛాసిస్ ఒక పట్టాకు కలిసి ఉంటుంది. మామూలు డీసీ కరెంటుతో నడిపినన్నాళ్లు దానివల్ల ఇబ్బంది లేదు. డీకోడర్ వచ్చాక మాత్రం బ్రష్‌లు రెండూ దానికి తప్ప మరి దేనికీ తగలకూడదు. మల్టీమీటర్ పెట్టి చూడమని నాన్న అంటే, "తీగలు నాకు తెలియవా వదినా" అని బాబాయి నావైపు తిరిగి నవ్వాడు. అతుకులు మాత్రం ముచ్చటగా వేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద, అంటే డీకోడర్ అమరికలు మార్చుకునే చిన్న పట్టా ముక్క మీద, పెట్టి ఉంటే అక్కడి కొద్దిపాటి కరెంటుకు డీకోడర్ బతికి, తప్పు ముందే బయటపడేదేమో. ఆయన నేరుగా పెద్ద ట్రాక్ మీదే పెట్టాడు. ఇంజను కదలలేదు, చిమ్నీలోంచి పొగ వచ్చింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు, ఆవిరి ఇంజను కదా! పిన్ని ఒక్కతే వాసన పట్టింది. ఆ కంపెనీ సరుకే మంచిది కాదని బాబాయి ఇప్పటికీ వాదిస్తాడు.

కాబట్టి డీకోడర్ కలపకముందే మీటరుతో చూడు. ఒక్కో బ్రష్ నుంచి ఛాసిస్‌కు, రెండు పట్టాల చక్రాలకు. ఎక్కడా మీటరు కూయకూడదు. కూస్తే తగిలినట్టే, ముందు అక్కడ విడదీయి. తర్వాత మోటారుకు 12 వోల్టులిచ్చి, ఇరుసును క్షణం సేపు వేళ్లతో ఆపి, ఎంత కరెంటు లాగుతుందో చూడు. డీకోడర్ సామర్థ్యం అంతకంటే ఎక్కువే ఉండాలి. అతుకుల మీద ష్రింక్ ట్యూబ్ (వేడికి బిగుసుకునే గొట్టం) వెయ్యి. నల్ల టేపు వేడికి జిగురు కారి ఊడిపోతుంది.

ఏ పనికైనా పాతది విడదీసే ముందు కొత్తది దేనికి తగులుతుందో చూసుకోవాలి. ఇది మోటారు సంగతే అంటున్నాను. ఉద్యోగం విషయంలో నీకు చెప్పేంతదాన్ని కాదు. చెప్పనని నాన్నకు మాట కూడా ఇచ్చాను. కానీ మానేసే ఉంటే చేతిలో ఏదైనా ఉందా? అద్దె ఎలా?

కొత్త డీకోడర్ చిరునామా, అంటే కంట్రోలర్‌లో ఇంజనును పిలిచే నంబరు, 3 ఉంటుంది. ముందు దానితోనే నడిపి చూసి, తర్వాత సీవీ 1లో మార్చుకో (సీవీలంటే డీకోడర్‌లో నంబర్ల వారీగా ఉండే అమరికలు). దీపం సరిగ్గా వెలిగి ఇంజను మాత్రం వెనక్కి పోతే నారింజ, బూడిద తీగలు తారుమారు చెయ్యి. దీపమూ నడకా రెండూ తిరగబడితే తీగల జోలికి పోకు, సీవీ 29 మారిస్తే చాలు.

సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచు. జుట్టు ముడి వేసుకో. కళ్లద్దాలు పెట్టుకో, పాతవి కాదు, ఈమధ్య చేయించినవి. అర్ధరాత్రి చెయ్యకు, నిద్రమత్తులో ఎరుపూ నారింజా ఒకేలా కనిపిస్తాయి.

మోటారు ఎంత కరెంటు లాగిందో రాయి. ఉద్యోగం సంగతి కూడా అదే కాగితం మీద రాయి, వేరే కాగితం ఎందుకు.

అమ్మ