సమయానికి అందిన ఆ మాటకు కృతజ్ఞతలు

మా చర్చి సంఘంలో ఒక యువకుడు రోడ్డు ప్రమాదంలో మరణించినప్పుడు, కాపరిగారు (పాస్టరు) ఊరిలో లేనందున, సమాధి కూటంలో వాక్యం చెప్పే బాధ్యత నాపై పడింది. పునరుత్థానం, అంటే చనిపోయినవారు తిరిగి లేవడం మీద సుదీర్ఘమైన ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. కూటం మొదలయ్యే ముందు, విశ్రాంత ఉపాధ్యాయురాలైన ఒక పెద్దావిడ నన్ను వరండాలోకి పిలిచి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, మరెవరికీ వినపడకుండా ఇలా అన్నారు: "బాబూ, యోహాను సువార్త 11వ అధ్యాయం చదువు. చనిపోయిన లాజరును బ్రతికించి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ప్రభువు మొదట అతని అక్కచెల్లెళ్ల దుఃఖం చూసి కన్నీళ్లు విడిచాడు కదా, నువ్వూ అక్కడే కాసేపు ఆగు. పిల్లవాడి పేరు పలుకు, తల్లి వైపు చూసి మాట్లాడు."

నేను అలాగే చేశాను. అంతవరకు గోడకు తల ఆనించి కూర్చున్న ఆ తల్లి, కుమారుని పేరు వినగానే తలెత్తి, చివరి వరకు విన్నారు.

ప్రసంగం ముగిశాక లోపాలు ఎంచేవారు చాలామంది ఉంటారు గాని, ముందుగా, చాటుగా, ఆ ఘడియకు అవసరమైనంత మాత్రమే చెప్పేవారు అరుదు. మైకు దగ్గర ఇంకా నెమ్మదిగా మాట్లాడాలన్న సూచనను సైతం ఆమె ఆ రోజు కాక, మరుసటి ఆదివారం చెప్పారు. ఆ ఓపిక కూడా దయేనని నేను నమ్ముతున్నాను. అమ్మా, మీకు నా హృదయపూర్వక వందనాలు.