వూస్టర్ ప్లేటని అమ్మి టూరిస్టు సావనీర్ పంపడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: తప్పుడు వివరణతో అమ్మిన పింగాణీ ప్లేటు వాపసు, పూర్తి రిఫండ్ గురించి.

నమస్కారం.

గత నెల మీ సైట్‌లో ఒక ప్లేటు కొన్నాను. "చాంబర్లేన్స్ వూస్టర్, సుమారు 1810, ఇంగ్లిష్ ప్రభు కుటుంబపు వంశ చిహ్నం, చేత్తో వేసిన చిత్రం" అని రాశారు. అంటే ఇంగ్లండ్‌లోని వూస్టర్ ఊళ్లో చాంబర్లేన్ వాళ్ల కార్ఖానాలో చేసిన పాత పింగాణీ అన్నమాట. వెనక వైపు ఫొటో పెట్టలేదు. అడిగితే "జెన్యూన్ సార్, మా ఎక్స్‌పర్ట్ చూశారు" అన్నారు. నమ్మి డబ్బు కట్టాను.

వచ్చాక తిప్పి చూస్తే వెనక "ఇంగ్లండ్" అని ముద్ర ఉంది. ఇంగ్లండ్‌లో చేసిందే కదా అంటారేమో! దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని 1891 నుంచి అమెరికా పట్టుబట్టింది. ఇంగ్లిష్ పింగాణీ మీద ఆ మాట మామూలుగా కనిపించేది అప్పటి నుంచే. చాంబర్లేన్ వాళ్ల కార్ఖానా 1852లోనే కెర్ అండ్ బిన్స్ అనే వేరే సంస్థ చేతికి వెళ్లిపోయింది. మరి ఈ ముద్ర ఉన్న ప్లేటు 1810 నాటి చాంబర్లేన్ వాళ్లది ఎలా అవుతుంది?

ఇక బొమ్మ సంగతి. చేత్తో వేసిన చిహ్నమైతే రంగు కాస్త ఉబ్బెత్తుగా వేలికి తగులుతుంది, భూతద్దంలో కుంచె గీతలు కనిపిస్తాయి. దీనిమీద ఉన్నవన్నీ అచ్చు చుక్కలు. పైగా నీలం డాలు మీద మూడు బంగారు చిరుత ముఖాలు, కింద "ఫ్లోరియట్ సలోపియా" అనే లాటిన్ నినాదం. ఇది ఏ ప్రభువుల ఇంటిదీ కాదు, ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ పట్టణానిది! ఊరి చిహ్నం వేసిన ఇలాంటి పింగాణీని అక్కడికి వచ్చే టూరిస్టులు జ్ఞాపకంగా కొనుక్కెళ్లేవాళ్లు. స్టోక్‌లోని గాస్ కంపెనీ ఇలాంటి వాటితోనే పేరు తెచ్చుకుంది. సావనీర్లను సేకరించేవాళ్లూ ఉన్నారు, తప్పులేదు. కానీ వాళ్లు 1810 నాటి వూస్టర్ ధర పెట్టరు.

"యాంటిక్‌లకు రిటర్న్ లేదు" అని మీ వాళ్లు జవాబిచ్చారు. చెప్పిన యాంటిక్ పంపి ఉంటే ఆ రూలు గురించి మాట్లాడుకునేవాళ్లం. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు.

కొరియర్ ఖర్చుతో సహా మొత్తం డబ్బు 15 రోజుల్లో నా ఖాతాలో వేయండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఇదే వివరణతో మీ సైట్‌లో ఇంకో ప్లేటు ఇప్పటికీ అమ్మకానికి ఉంది, దాన్ని కూడా తీసేయండి.

ఫొటోలు, బిల్లు జతచేశాను. ప్లేటు మీ పెట్టెలోనే భద్రంగా ఉంది. పికప్‌కు మనిషిని పంపే ముందు రోజు ఫోన్ చేయించండి.

ఇట్లు,
మీ కస్టమర్,
హైదరాబాద్